రాయబారం లేని రాక్షసుడు

1977లో అమెరికాలో అచ్చయిన 'మాన్‌స్టర్ మాన్యువల్' అనే పుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ దగ్గర తెలుగువాడి చెయ్యి ఆగిపోతుంది. మెడ మీద పులి తల, పొగతాగే పైపు, జమీందారు దర్జా. పక్కన పేరు: రాక్షస. డేవిడ్ ట్రాంపియర్ గీసిన ఆ బొమ్మ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆడే పాతకాపుల్లో చాలామందికి కళ్లు మూసుకున్నా కనబడేంత పరిచయం. పది తలలు లేవు, కోరలు పులివే తప్ప తనవి కావు, లంక ఊసే లేదు. పేరు మాత్రం మనది.

ఈ రాక్షసుడు వాల్మీకి ఇంటి నుంచి వెళ్లినవాడు కాడు. పుస్తకం రాసిన గ్యారీ గైగాక్స్‌కు అతన్ని పరిచయం చేసింది 1974-75లో ప్రసారమైన 'కోల్‌చాక్: ది నైట్ స్టాకర్' అనే టీవీ సీరియల్. మంత్రించిన క్రాస్‌బో బాణం తగిలితే రాక్షసుడు చస్తాడన్న నియమం కూడా అక్కడిదే. దీన్ని సరదాగానే తీసుకోవచ్చు. మన 'పాతాళభైరవి'లో నేపాళ మాంత్రికుణ్ణి తయారుచేసినవాళ్లు నేపాలీలను అడిగి చేశారా ఏమిటి? అసలు పేచీ బొమ్మ పక్కనున్న చిన్న పట్టికతో. అందులో 'అలైన్‌మెంట్' అనే గడి ఒకటుంది. ఆ గడిలో 'లాఫుల్ ఈవిల్' అని ఉంటుంది. కట్టుబాట్లు తప్పని దుర్మార్గుడు అని అర్థం. ఆ ముద్ర ఏ ఒక్క రాక్షసుడికో కాదు, జాతి మొత్తానికి.

మరి విభీషణుడి సంగతేమిటి? అశోకవనంలో సీతకు ధైర్యం చెప్పిన త్రిజట సంగతేమిటి? దైత్యుల ఇంట పుట్టిన ప్రహ్లాదుణ్ణి ఏ గడిలో వెయ్యాలి?

ఇది పురాణాలు చదవని పరాయివాళ్ల పొరపాటని కొట్టిపారేస్తే ఆ గడి లేవనెత్తే ప్రశ్న చేజారిపోతుంది. పుట్టుకతోనే చెడ్డవాడైతే వాడు ప్రతినాయకుడు ఎలా అవుతాడు? తేలు కుడితే తిట్టుకుంటాం, చెప్పు తీసుకుంటాం. అంతే తప్ప తేలు పాపం చేసిందని ఎవరూ అనరు. గోదావరికి వరదొచ్చి ఊరు మునిగితే నది మీద కేసు పెట్టం. పాపం అనాలంటే మానుకునే వీలు ఉండాలి. ఆ వీలు లేని రాక్షసుడు ప్రమాదం మాత్రమే, పగవాడు కూడా కాడు. అందుకే ఎన్ని కోరలు పెట్టినా, ఎన్ని మంత్రాలిచ్చినా అలాంటివాడు ఆట ముగిసిన వారానికి గుర్తుండడు.

ఆట సంగతి తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1974 జనవరిలో గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తయారుచేసిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊరి నుంచి వెలువడింది. ఒక పెట్టె, మూడు చిన్న పుస్తకాలు, తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. ఆడటానికి నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒక్కొక్కరూ ఒక్కో వీరుడు. మిగిలిన ఒకరు డంజన్ మాస్టర్. ఊళ్లూ అడవులూ రాజులూ దొంగలూ దయ్యాలూ అన్నీ ఆయన నోటినుంచే పలుకుతాయి. హరికథలో దాసుగారు ఒక్కరే రాముడూ రావణుడూ శూర్పణఖా అయినట్టు. కాకపోతే ఇక్కడ శ్రోతలు మధ్యలో లేచి కథను మరో దారి పట్టించగలరు. ఫలితం అనుమానంగా ఉన్నచోట ఇరవై ముఖాల పాచిక పడుతుంది.

నవలకూ ఈ ఆటకూ ఉన్న తేడా ఇదే. నవలా రచయిత తన విలన్‌ను ఎవరూ ఇబ్బందికరమైన ప్రశ్న అడగకుండా కాపాడుకోగలడు. బల్ల దగ్గర ఆ వీలు లేదు. నెలల తరబడి సాగే ఆటలో ఏదో ఒక రాత్రి ఎవరో ఒక ఆటగాడు కత్తి పక్కన పెట్టి, "ఆగండి, ముందు వాడితో మాట్లాడదాం" అంటాడు. "ఇదంతా ఎందుకు చేస్తున్నావు? ఏమిస్తే మానేస్తావు?" అని అడుగుతాడు. డంజన్ మాస్టర్ ఆ క్షణంలో, ఆ విలన్ నోటితో జవాబు చెప్పాలి. "నేను చెడ్డవాణ్ణి కాబట్టి" అంటే బల్ల చుట్టూ నవ్వులే. చెడు అంటే ఏమిటి, అది ఎక్కడినుంచి వస్తుంది అని మతాలు వేల ఏళ్లుగా నలుగుతున్న ప్రశ్న అలా ఒక శనివారం రాత్రి, చిప్స్ ప్యాకెట్ల మధ్య, పరీక్షకు వచ్చి కూర్చుంటుంది.

అలైన్‌మెంట్ గడి మొదట్లో ఇంత కఠినంగా లేదు. 1974 పెట్టెలో ఉన్నవి మూడే పక్షాలు: క్రమం, తటస్థం, కల్లోలం. పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్కాక్ నవలల్లోంచి తెచ్చుకున్న ఊహ అది. ఎవరు ఏ పక్షాన నిలబడ్డారో చెప్పేదే తప్ప మంచివాడెవరు, చెడ్డవాడెవరు అని తీర్పు చెప్పేది కాదు. 1976లో గైగాక్స్ దానికి అడ్డంగా మంచి-చెడు అనే రెండో గీత గీశాడు. 1978 నాటికి తొమ్మిది గడుల పట్టిక స్థిరపడింది. ఆటగాడు తన వీరుడికి గడి ఎంచుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. ఓర్కులకూ గాబ్లిన్లకూ రాక్షసులకూ మాత్రం గడి పుట్టుకతోనే రాసిపెట్టి ఉంటుంది. జాతకంలో దోషం రాసినట్టు, పరిహారం మాత్రం లేనట్టు.

ఇందులో ఆటగాళ్లకొక సుఖముంది. చంపినా పాపం అంటదు. ఆ సుఖాన్ని చెడగొట్టినవాడు కూడా గైగాక్సే. ఆయన రాసిన 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్' అనే సాహసంలో గుహలనిండా ఇలాంటి జాతులు కాపురముంటాయి. ఒక్కో గుహలో యోధుల లెక్కతోపాటు పిల్లల లెక్క కూడా ఉంటుంది, వాళ్లు పోరాడరన్న గమనికతో సహా. వీరులు గుహ గెలిచారు. మూలన పసివాళ్లు వణుకుతున్నారు. ఇప్పుడేం చెయ్యాలి? ఈ ప్రశ్న మీద ఆటగాళ్ల మధ్య తగాదా దశాబ్దాలుగా తెగలేదు. తెగదు కూడా. పిల్లలు పుట్టుకతోనే చెడ్డవాళ్లయితే చంపడం ధర్మమైపోతుంది. కాకపోతే పట్టికలోని గడి అబద్ధమవుతుంది.

ఓర్కులను ఈ ఆటకు అరువిచ్చిన నవలాకారుడు టోల్కీన్‌ను ఇదే ముల్లు జీవితాంతం గుచ్చింది. ఆయన నిష్ఠగల క్యాథలిక్. చెడుకు సృష్టించే శక్తి లేదు, ఉన్నదాన్ని పాడుచేసే శక్తే ఉంది అని ఆయన నమ్మకం. మరి ఓర్కులెక్కడివి? పాడుచేయబడ్డ మంచి జీవులైతే వాళ్లకూ ఆత్మ ఉండాలి, ఆత్మ ఉంటే ఉద్ధరణ కూడా ఉండాలి. ఒక చిత్తులో ఒకలా, మరో చిత్తులో ఇంకోలా సరిచేసుకుంటూ పోయి, 1973లో చనిపోయేనాటికి కూడా ఆయన దాన్ని ఒక కొలిక్కి తేలేకపోయాడు.

టోల్కీన్ నమ్మకం వెనక ఉన్నవాడు సెయింట్ అగస్టీన్. యవ్వనంలో దాదాపు తొమ్మిదేళ్లు మానికేయ మతంలో తిరిగాడు. వెలుగూ చీకటీ రెండు వేరువేరు పదార్థాలనీ, లోకం ఆ రెండింటి యుద్ధభూమి అనీ ఆ మతం. తర్వాత దాన్ని వదిలేసి, చెడు అనేది వస్తువే కాదు, మంచి లోపించడమే అన్నాడు. తన పాపాన్ని తవ్వుకోవడానికి ఆయన ఎంచుకున్న సంఘటన చాలా చిన్నది: పదహారేళ్లప్పుడు స్నేహితులతో కలిసి పొరుగువాడి చెట్టు బేరిపళ్లు దొంగిలించాడు. ఆకలి లేదు, ఇంట్లో అంతకంటే మంచి పళ్లున్నాయి. చాలావరకు పందులకు పారేశారు. ఎందుకు చేశాను అని ఆయన పేజీల కొద్దీ తనను తాను నిలదీసుకున్నాడు. డంజన్ మాస్టర్లు ఈ పళ్ల దొంగతనం గురించి చదవాలి. లోకాన్ని నాశనం చేస్తానని గర్జించే మాంత్రికుల కంటే ఈ కుర్రవాడి దగ్గర విలన్ గురించి నేర్చుకోవలసింది ఎక్కువుంది.

మన బృహదారణ్యక ఉపనిషత్తులో ఇంకా సూటైన కథ ఒకటుంది. దేవతలు, మనుషులు, అసురులు ముగ్గురూ ప్రజాపతి బిడ్డలే. ముగ్గురూ ఆయన దగ్గరే చదువుకున్నారు. చదువయ్యాక ఉపదేశం అడిగితే ముగ్గురికీ ఆయన చెప్పింది 'ద' అనే ఒక్క అక్షరమే. దేవతలు దాన్ని ఇంద్రియ నిగ్రహం అనుకున్నారు, మనుషులు దానం అనుకున్నారు, అసురులు దయ అనుకున్నారు. ముగ్గురికీ ప్రజాపతి సరిగ్గా అర్థం చేసుకున్నారనే చెప్పాడు. అంటే అసురులకూ పాఠం అందింది, అర్థమూ అయింది. ఇక దయ చూపకపోతే అది పుట్టుక తప్పు కాదు.

1983లో ఈ ఆటకు దొరికిన అతి గొప్ప విలన్ పుట్టింది కూడా ఒక అమాయకమైన ప్రశ్నలోంచే. ట్రేసీ హిక్‌మన్ అనే ఆటగాడు ఒకచోట ఆట ఆడుతున్నాడు. గుహలో ఒక గది తలుపు తీస్తే లోపల రక్తపిశాచి. పక్క గదుల్లో దానికి సంబంధం లేని ఏవేవో జంతువులు. అందరూ కత్తులు దూశారు. హిక్‌మన్‌కు మాత్రం మనసులో ఒకటే పట్టుకుంది: ఇతను ఇక్కడెందుకున్నాడు? ఇంటికెళ్లి భార్య లారాతో కలిసి ఆ 'ఎందుకు'కు జవాబు అల్లాడు. కొన్నేళ్లు హాలోవీన్ రాత్రుల్లో ఇంట్లో ఆడుకున్న ఆ కథ 'రేవెన్‌లాఫ్ట్' పేరుతో 32 పేజీల పుస్తకమైంది. విలన్ పేరు స్ట్రాడ్ వాన్ జరోవిచ్. హిక్‌మన్ దంపతులు లాటర్ డే సెయింట్స్ చర్చికి చెందినవారు. ఎంచుకునే స్వేచ్ఛ మనిషికి దేవుడిచ్చిన వరమన్నది ఆ చర్చి బోధల్లో మూలస్తంభం లాంటిది. స్ట్రాడ్ కథ చదివితే ఆ మాట గుర్తుకు రాకమానదు.

స్ట్రాడ్ యవ్వనమంతా యుద్ధాల్లో కరిగిపోయింది. బరోవియా అనే లోయను గెలిచి, కోట కట్టి, కుటుంబాన్ని పిలిపించుకున్నాడు. తమ్ముడు సెర్గేయ్ వచ్చాడు. అందగాడు, వయసులో ఉన్నవాడు, జనానికి ఇష్టుడు. సెర్గేయ్ పెళ్లాడబోయే టాట్యానాను అన్న ప్రేమించాడు. ఆమె అతన్ని పెద్దవాడిగా, అన్నగా మాత్రమే చూసింది. స్ట్రాడ్ మృత్యువుతో ఒడంబడిక చేసుకుని, పెళ్లిరోజునే తమ్ముణ్ణి చంపాడు. టాట్యానా పారిపోయి కోటగోడ మీదనుంచి దూకేసింది. కాపలా సైనికుల బాణాలు ఒళ్లంతా దిగినా అతను చావలేదు. లోయ చుట్టూ పొగమంచు మూసుకుంది.

ఇందులో లోకాన్ని జయించే పన్నాగం ఎక్కడా లేదు. వయసు మీరిపోతోందన్న భయం, తమ్ముడి మీద అసూయ, కాదన్న మాట వినలేని అహం. ఏ ఊళ్లోనైనా, ఏ ఉమ్మడి కుటుంబంలోనైనా కనిపించే సరుకే. అందుకే భయపెడుతుంది.

1990లో ఈ లోయ ఒక పెద్ద లోకమైంది. ఒక్కో మహాపాపికి ఒక్కో ప్రత్యేక రాజ్యం. వాళ్లను అక్కడ బంధించిన శక్తులెవరో పుస్తకం చెప్పదు. బంధించిన పద్ధతే విశేషం. గరుడ పురాణంలో నరకమంటే కాగే నూనె, కొరడాలు, యమభటులు. బాధ బయటినుంచి వస్తుంది. రేవెన్‌లాఫ్ట్ నరకంలో బాధ కోరికలోంచి వస్తుంది. టాట్యానా స్ట్రాడ్ లోయలోనే మళ్లీ మళ్లీ పుడుతుంది. ప్రతి జన్మలోనూ అతను వెతికి పట్టుకుంటాడు, ప్రతిసారీ అందబోయి పోతుంది. 'మూగమనసులు' నుంచి 'మగధీర' దాకా జన్మజన్మల ప్రేమను చూసి కన్నీళ్లు పెట్టుకున్న తెలుగు ప్రేక్షకుడికి ఇక్కడ ఒళ్లు జలదరిస్తుంది. అదే కథను వెంటాడేవాడి వైపు నుంచి చూస్తే ప్రేమ కాదు, వేట.

అయితే ఈ నరకంలో ఒక పెద్ద చిల్లు ఉంది. కర్మ సిద్ధాంతం విని పెరిగిన ఏ పాఠకుడైనా దాన్ని వెంటనే పట్టేస్తాడు. శిక్ష స్ట్రాడ్‌కు, మరి టాట్యానా చేసిన పాపమేమిటి? ఒకడికి బుద్ధి చెప్పడానికి ఏ తప్పూ చెయ్యని పిల్లను పదేపదే పుట్టించి చంపుతున్న ఆ శక్తులు స్ట్రాడ్ కంటే ఏ విధంగా మెరుగు? లోయలో చిక్కిన మామూలు జనం ఆత్మలు కూడా బయటికి పోలేవు. పుస్తకం దీనికి జవాబివ్వదు. లంక తగలబడినప్పుడు కాలిన ఇళ్లన్నీ రావణుడివేనా అని అడిగితే మన దగ్గర మాత్రం తడుముకోని జవాబుందా?

2016లో వచ్చిన 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్' పుస్తకం ఒక మంచి పని చేసింది. విలన్‌ను చివరి గదిలో దాచలేదు. స్ట్రాడ్ మధ్యమధ్యలో తనే వస్తాడు, వీరులను అంచనా వేస్తాడు, కోటలో విందుకు ఆహ్వానిస్తూ ఉత్తరం పంపుతాడు. ఆ విందు బల్ల దగ్గర జరిగేది యుద్ధం కాదు, రాయబారం.

రాయబారం గురించి తెలుగువాళ్లకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. తిరుపతి వేంకట కవుల 'పాండవోద్యోగ విజయములు' ఊరూరా ఆడిన రోజుల్లో జనం రాత్రంతా మేలుకున్నది కురుక్షేత్రం కోసం కాదు, కృష్ణ రాయబారం కోసం. పద్యం పద్యానికీ "వన్స్ మోర్" అని కేకలు. దుర్యోధనుడు ఒప్పుకోడని, సంధి కుదరదని, యుద్ధం తప్పదని పిల్లలతో సహా అందరికీ తెలుసు. అయినా ఆ ఘట్టమే కావాలి. ఎందుకంటే దుర్యోధనుడు దుర్యోధనుడయ్యేది అక్కడే. తలుపు బార్లా తెరిచి, ఐదూళ్లకు బేరం దించి, దేవుడే స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడితే, తన చేత్తో తను మూసుకున్నాడు. గదాయుద్ధం ఆ నిర్ణయానికి బిల్లు మాత్రమే.

రామాయణం ఇంకా సూక్ష్మంగా నడిచింది. జనస్థానంలో ఖరుడు చచ్చాడన్న కబురు అకంపనుడు తెచ్చినప్పుడు, రావణుడు సీతాపహరణం ఆలోచనతో మారీచుడి దగ్గరకు వెళ్తాడు. మారీచుడు వద్దంటాడు. రావణుడు విని, లంకకు తిరిగి వెళ్లిపోతాడు. కథలు చెప్పేవాళ్లు తరచూ వదిలేసే ఘట్టం ఇది. రావణుడు వినగలడు, విన్నాడు కూడా. ఆ తర్వాత శూర్పణఖ కోసిన ముక్కుతో సభలోకి వచ్చింది. అవమానం తగిలింది, సీత అందం చెవిన పడింది. రెండోసారి మారీచుడి గుమ్మం తొక్కినప్పుడు వచ్చింది సలహా కోసం కాదు. ఒకే మనిషి, ఒకే సలహాదారు, రెండు ప్రయాణాలు. ఆ రెండింటి మధ్యనున్న జాగాలో రావణుడు తయారయ్యాడు. అక్కణ్ణుంచి హనుమంతుడు, విభీషణుడు, మాల్యవంతుడు, కుంభకర్ణుడు, అంగదుడు ఒకరి తర్వాత ఒకరు చెప్పి చూశారు. విభీషణుడు శరణు కోరి వచ్చినప్పుడు రాముడు, వచ్చినవాడు రావణుడే అయినా అభయమిస్తానన్నాడు. యుద్ధం మధ్యలో ఆయుధం పోగొట్టుకుని నిలబడ్డ రావణుణ్ణి ఇంటికి పంపి, సేదదీరి రమ్మన్నాడు. తలుపు చివరిదాకా తెరిచే ఉంది.

బల్ల మీద విలన్‌ను కల్పించేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే సూత్రం ఏ మార్గదర్శినిలోనూ దొరకదు. విలన్ బలమెంత, ఎన్ని మంత్రాలు తెలుసు అన్న లెక్కలు తర్వాత చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవలసింది ఒక్కటే: ఇతను ఏ రోజు వెనక్కి తిరగబోయి ఆగిపోయాడు? అది తెలిస్తే ఆటగాళ్లు ఏ ప్రశ్న అడిగినా జవాబు వస్తుంది. తెలియకపోతే ఎన్ని హిట్ పాయింట్లు (ప్రాణబలం లెక్క) ఇచ్చినా వాడు గట్టి గోడే తప్ప మనిషి కాడు.

ఇక్కడొక జాగ్రత్త కూడా అవసరం. తలుపు తెరిచి ఉందంటే ఎవరైనా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కురావచ్చని కాదు. 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్' ముందుమాటలో హిక్‌మన్ ఈ విషయంలో గట్టిగానే మాట్లాడాడు. హింసించేవాణ్ణి తగినంత ప్రేమిస్తే మారిపోతాడన్న ఇటీవలి పిశాచి కథల నమ్మకం అబద్ధమని ఆయన అభిప్రాయం. మండోదరి ప్రేమకు ఏం తక్కువైంది? మారడం అతని పని, ఇంకెవరూ అతని బదులు చెయ్యలేరు.

చెడును ఇంత దగ్గరగా, ఇంత మనిషిలా చూపిస్తే అది ఆకర్షించదా? ఈ భయం అమెరికాలో 1980లలో ఉద్యమమే అయింది. ఈ ఆట పిల్లలను సైతాను దగ్గరకు తీసుకెళ్తోందని ప్రచారం చేసిన సంఘం 1983లో పుట్టింది, అంటే స్ట్రాడ్ పుస్తకంలోకి వచ్చిన ఏడే. ఆట అమ్మే టీఎస్ఆర్ కంపెనీ తన రచయితలకు ఒక నియమావళి రాసుకుంది; చెడును ఆకర్షణీయంగా చూపకూడదన్నది అందులో ఒకటి. 1989లో వచ్చిన రెండో కూర్పులో డెమన్లు, డెవిల్స్ అన్న పేర్లే తీసేసి తనారి, బాటెజు అని ఎవరికీ అర్థంకాని పేర్లు పెట్టారు. పేరు మారిస్తే దయ్యం వదులుతుందనుకోవడం పాత నమ్మకమే, అమెరికాకూ పాకిందన్నమాట.

వాల్మీకికి ఆ భయం లేదు. రావణ సభలో హనుమంతుడు బందీగా నిలబడి మొదటిసారి రావణుణ్ణి దగ్గరగా చూస్తాడు. చూసి అబ్బురపడతాడు. ఆ రూపం, ఆ ధైర్యం, ఆ తేజస్సు! అధర్మం లేకపోతే దేవలోకాన్ని సైతం ఏలదగినవాడు కదా అనుకుంటాడు. పరమ భక్తుడి నోటితోనే విలన్‌కు ఇంత మెప్పు. ఆకర్షణను దాచలేదు, ఆకర్షణ ఉన్నచోటే నష్టమెంతో చూపించాడు. 1958లో 'భూకైలాస్', 1961లో 'సీతారామ కల్యాణం', 1977లో 'దానవీరశూరకర్ణ': రాముడిగా కృష్ణుడిగా జనం హారతులు పట్టిన ఎన్టీఆరే రావణుడు, దుర్యోధనుడు కూడా అయ్యాడు. చూసినవాళ్లెవరూ అధర్మపరులైపోలేదు. 'నర్తనశాల'లో ఎస్వీ రంగారావు కీచకుణ్ణి చూసి ఆడవాళ్లను వేధించడం ఘనకార్యమని నేర్చుకున్నవాళ్లూ లేరు. ఆకర్షణ లేని చెడును గుర్తుపట్టడం ఎవరికైనా సులువే. లోకంలో మనకు ఎదురయ్యేది అది కాదు.

పదో శతాబ్దపు 'దశరూపకం'లో ధనంజయుడు ప్రతినాయకుడికి చెప్పిన లక్షణాల్లో లోభం, మొండితనం, పాపం చెయ్యడంతోపాటు ఒక చిన్న మాట ఉంది: వ్యసని. ఏదో ఒకదానికి బానిస. ఎప్పుడైనా మానగలననుకుంటూ మానలేకపోయినవాడు. స్వేచ్ఛ ఉందీ, రోజురోజుకీ తరిగిపోతోందీ అన్న రెండు నిజాలూ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. పాపం చేయించే ఏ శక్తి మనిషిని బలవంతంగా లాక్కెళ్తుంది అని అర్జునుడు గీత మూడో అధ్యాయంలో అడిగిన ప్రశ్న కూడా ఇదే. కృష్ణుడు కామం, క్రోధం అని జవాబిచ్చాడే గాని జాతి అని అనలేదు.

జయవిజయుల కథ మాత్రం ఈ వాదానికి అడ్డం తిరుగుతుంది. జనంలో ప్రచారంలో ఉన్న ప్రకారం, ఏడు జన్మల మైత్రి కంటే మూడు జన్మల వైరమే మేలని వైకుంఠ ద్వారపాలకులు కోరుకున్నారు. అలాగైతే హిరణ్యకశిపుడి దుర్మార్గం పైనుంచి వచ్చిన డెప్యుటేషన్. ఎంచుకున్నది ఒక్కసారే, ఆ తర్వాతంతా డ్యూటీ. డంజన్ మాస్టర్ విలన్‌ది కూడా ఇదే స్థితి: ఓడిపోవడం కోసమే పుట్టినవాడు, ఆ సంగతి తనకు తెలియదు. ఇక్కడ పోతన చూపిన దారి వేరు. ఆయన హిరణ్యకశిపుడు ముందు తండ్రి. బడినుంచి వచ్చిన కొడుకును దగ్గర కూర్చోబెట్టుకుని ఏం నేర్చుకున్నావని మురిపెంగా అడుగుతాడు. తమ్ముడు హిరణ్యాక్షుణ్ణి విష్ణువు చంపాడన్న దుఃఖం అతనిది, అది నిజమైన దుఃఖం. శాపం సంగతి అతనికి తెలియదు. కొడుకు నోట శత్రువు పేరు విన్నప్పుడు పడ్డ దెబ్బ తెలుసు. పై లెక్క ఏదైనా, ఆ గదిలో ఆ నిమిషాన బిడ్డను కొండమీదనుంచి తోయించాలా వద్దా అన్నది అతని చేతిలోనే ఉంది. అదెలా సాధ్యం అని తర్కం అడిగితే వేదాంతులు పెద్ద పెద్ద గ్రంథాలు చూపిస్తారు. పోతన ఆ తండ్రి ముఖం చూపిస్తాడు.

ఆట కూడా మెల్లగా ఇటే వస్తోంది. ఓర్కులనూ వాటిలాంటి ఇతర జాతులనూ మిగతావారిలాగే మంచీ చెడూ కలిసిన మనుషులుగా చూపుతామని 2020లో ఆ ఆటను ఇప్పుడు అమ్ముతున్న విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ సంస్థ ప్రకటించింది. మన రాక్షసుడికి మాత్రం అంతకుముందు ఆ అదృష్టం పట్టలేదు. 2014 'మాన్‌స్టర్ మాన్యువల్'లో కూడా అతను పులితలతోనే ఉన్నాడు, గడిలో అదే 'లాఫుల్ ఈవిల్'. చంపితే నరకంలో మళ్లీ పుట్టి, చంపినవాడి మీద పగ తీర్చుకోవడానికి వస్తాడట. అతనితో మాట్లాడే ఏ సందర్భాన్నీ పుస్తకం ఊహించలేదు.

కానీ అదే పుస్తకం ముందు పేజీల్లో ఒక చిన్న వెసులుబాటు ఉంది. అలైన్‌మెంట్ గడిలో రాసింది మామూలు లెక్క మాత్రమే, డంజన్ మాస్టర్ తన ఆటకు తగ్గట్టు దాన్ని మార్చుకోవచ్చు. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఈ వారం బల్ల వేస్తున్న తెలుగు కుర్రాళ్లు ఎవరైనా ఉంటే, పులితల రాక్షసుణ్ణి దించే ముందు అతనికొక తమ్ముణ్ణి పెట్టండి. సభలో అన్నకు ఎదురుచెప్పి లేచి వచ్చేసినవాణ్ణి. మీ వీరుల గుడారం దగ్గరికి మొదట అతన్ని పంపండి.